వీధరుగు: దూరపు కోర్టు, దగ్గర రేవు

మా ఇంట్లో తెల్లవారిందనడానికి గుర్తు కోడికూత కాదు, పాలావిడ చెంబు చప్పుడు. పదిహేనేళ్లుగా ఆ చప్పుడు వినే మా ఆవిడ కాఫీకి నీళ్లు పడేస్తుంది. నేను పేపరు కోసం వీధరుగు మీదికి వస్తాను. అటువంటిది పోయిన వేసవిలో ఒకనాడు చెంబు చప్పుడు కాలేదు. తలుపు తీసి చూద్దును గదా, పాలావిడ అరుగు మీద గోడకు చేరబడి కూచుని ఉంది. పాలు చెంబులోనే ఉన్నాయి. కళ్లు చూస్తే రాత్రంతా నిద్రలేనట్టుంది.

“ఏమమ్మా, ఒంట్లో బాగా లేదా?” అన్నాను.

“నాకేటండీ, దుక్కలా ఉన్నాను. పిల్ల సంగతే బాబుగారూ...” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ పిల్లను నేను చిన్నప్పటినుంచీ ఎరుగుదును. తల్లికి జ్వరం వస్తే ఆ చెంబు తనే మోసుకువచ్చేది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, మొగుడి వైద్యానికి అప్పు పెరిగింది. రెండున్నరేళ్ల కిందట ఇంటిపనికని కువైట్ వెళ్లింది. కోనసీమలో ఇదేమీ వింత కాదు. రాజోలు మొదలు కాట్రేనికోన దాకా గల్ఫు డబ్బుతో లేచిన డాబాలు ఎన్ని లేవు? ఆ డాబాల్లో అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలూ అంతమంది ఉన్నారు. మనం డాబాలు చూస్తాం గాని, ఆ పిల్లల్ని చూడం.

సంగతేమిటంటే, ఆ అమ్మాయికి ఏడు నెలలుగా జీతం లేదు. పాసుపోర్టు యజమానురాలి బీరువాలో ఉంది. ఫోను లాగేసుకున్నారు. ఆ వీధిలోనే పనిచేసే తెలుగు డ్రైవరు ఒకాయన తన ఫోను రెండు నిమిషాలు ఇస్తే, తల్లికి తన గొంతు రికార్డు చేసి పంపింది. ఇక్కడినుంచి పంపించిన ఏజెంటును అడిగితే “విమానం ఎక్కించేదాకే నా పూచీ” అన్నాడట.

ఈ మాటలు ఎదురింటి మేష్టారి చెవిని పడ్డాయి. మేష్టారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయిన మనిషి. ఇంగ్లీషు పేపరు తేదీ దగ్గరనుంచి అచ్చు వేసినవాడి చిరునామా దాకా చదువుతారు. ఆయన పంచె ఎగ్గట్టి వీధి దాటి వచ్చి, “ఇది మానవ హక్కుల ఉల్లంఘన! దీనికి అంతర్జాతీయ కోర్టు ఉంది, హేగ్ పట్టణంలో. నువ్వు దిగులు పడకమ్మా. ఇంగ్లీషు నేను రాస్తాను, కోర్టు వ్యవహారం గుమాస్తాగారు చూస్తారు” అన్నారు.

గుమాస్తాగారంటే నేనే. ఈ శీర్షిక చదివేవారికి నా చరిత్ర తెలిసిందే. ముప్పయ్యారేళ్లు అమలాపురంలో ప్లీడరు గుమాస్తాగా పనిచేశాను. ఏ కాగితానికి ఎంత స్టాంపు అంటించాలో, ఏ కిటికీలో ఇవ్వాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కాని ఆ హేగు కిటికీ ఏ దిక్కున ఉందో నాకు తెలియదు. తెలియదనడానికి నోరు రాక “చూద్దాం” అన్నాను. ప్లీడరు గుమాస్తా “చూద్దాం” అన్నాడంటే తెలియదని అర్థం. ఈ రహస్యం మన మధ్యే ఉండనివ్వండి.

అదృష్టం కొద్దీ మా మనవరాలు సెలవులకు వచ్చి ఉంది. విశాఖపట్నంలో లా చదువుతోంది. దానికి కాఫీ ఇచ్చి, సంగతి చెప్పి, “ఆ కోర్టు అడ్రసు కాస్త చూడు తల్లీ” అన్నాను.

అది గ్లాసు కింద పెట్టి, “తాతయ్యా, హేగులో ఉన్న కోర్టు దేశాల కోర్టు. వాది ఒక దేశం, ప్రతివాది ఇంకో దేశం. మనుషుల అర్జీలు అక్కడ పుచ్చుకోరు” అంది.

“అదే ఊళ్లో ఇంకో కోర్టు ఉంది గదమ్మా?” అన్నారు మేష్టారు, పట్టు వదలకుండా.

“ఉంది తాతగారూ. అది యుద్ధ నేరాలు, జాతి నిర్మూలన చేసినవాళ్లను విచారించే కోర్టు. జీతం ఎగ్గొట్టినవాళ్ల జోలికి రాదు.”

“మరి మానవ హక్కుల కోర్టు అనేదే లేదా?”

“ఉంది, ఒకటి కాదు మూడు. ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్ అనే ఊళ్లో ఒకటి. దాని కింద 46 యూరప్ దేశాలున్నాయి. అమెరికా ఖండాలకు కోస్టారికాలో శాన్ హోసే పట్టణంలో ఒకటి. ఆఫ్రికాకు టాంజానియాలో అరూషాలో ఒకటి. ఆసియాకు లేదు. కువైట్‌కూ లేదు, మనకూ లేదు.”

మేష్టారు కండువాతో మొహం తుడుచుకున్నారు. వారి అబ్బాయి మాంచెస్టరులో కాపురముంటున్నాడు. అది గుర్తొచ్చి కాబోలు, “మా వాడికి అక్కడేదైనా అన్యాయం జరిగితేనో?” అన్నారు.

“ఆయన వెళ్లవచ్చు తాతగారూ. ఏ దేశపు పౌరుడన్నది స్ట్రాస్‌బర్గ్ కోర్టు అడగదు. అన్యాయం చేసింది ఆ 46 దేశాల్లో ఒకటా, కాదా అన్నదే అడుగుతుంది. బ్రిటన్ ఆ 46లో ఉంది. ఫీజు లేదు. మొదటి దరఖాస్తుకు వకీలు కూడా అక్కర్లేదు, ఫారం నింపి పోస్టులో పంపడమే. కేసు నిలిచేదని తోచి, ఆ ప్రభుత్వాన్ని జవాబడిగాక, పేదవాడైతే వకీలు ఖర్చుకు కోర్టే సాయం చెయ్యవచ్చు.”

“అంటే మా అబ్బాయికి ఉన్న దారి ఈ పాలావిడ కూతురికి లేదన్నమాట” అన్నారు మేష్టారు. అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరూ కోనసీమ బిడ్డలే, ఇద్దరూ పొట్టకూటికి సముద్రం దాటినవాళ్లే. కాలు మోపిన నేలనుబట్టి ఒకరికి తలుపుంది, ఇంకొకరికి గోడ ఉంది.

నేను ఊరుకోలేక, “జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఉంది గదే? మనం సంతకాలు పెట్టలేదూ?” అన్నాను.

“పెట్టాం తాతయ్యా. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మన దేశం 1979 ఏప్రిల్ 10న చేరింది. దానికి అనుబంధంగా ఇంకో కాగితం ఉంది. ఆ రెండో కాగితం ఒప్పుకున్న దేశాల్లోని మనుషులే జెనీవాలోని మానవ హక్కుల కమిటీకి నేరుగా ఫిర్యాదు రాసుకోవచ్చు. నేపాల్ ఒప్పుకుంది, శ్రీలంక ఒప్పుకుంది, మాల్దీవులు ఒప్పుకున్నాయి. మనం ఒప్పుకోలేదు. కువైట్ కూడా మొదటిదానిలో చేరింది గాని, రెండోదానిలో చేరలేదు.”

పాలావిడకు ఈ ఒడంబడికలన్నీ అర్థమయ్యాయో లేదో గాని, చివరి మాట మాత్రం అర్థమయింది. “పోన్లెండి బాబుగారూ. పెద్ద కోర్టులు మాలాంటోళ్ల కోసం కట్టారేటండీ?” అని చెంబు ఎత్తుకుంది.

అప్పుడు మా మనవరాలు లేచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. “కూచో మామ్మా. అసలు మాట ఇంకా చెప్పలేదు. ఆ దూరపు కోర్టు మనకి ఉన్నాసరే, వాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ‘మీ ఇంటి దగ్గర ఉన్న తలుపులన్నీ తట్టారా?’ అని. తట్టకుండా వస్తే కాగితం వెనక్కి పంపేస్తారు. స్ట్రాస్‌బర్గులోనూ అంతే, జెనీవాలోనూ అంతే. సొంత దేశంలో ఆఖరి తీర్పు వచ్చాక నాలుగు నెలల్లోగా వస్తేనే స్ట్రాస్‌బర్గులో పుచ్చుకుంటారు. ఎంత దూరం వెళ్లినా మొదటి అడుగు ఇక్కడే వెయ్యాలి, అమలాపురం కోర్టులోనే.”

ఈ మాట వినగానే నాకు కోటిపల్లి రేవు గుర్తుకొచ్చింది. మా చిన్నతనంలో కాకినాడ వెళ్లాలన్నా, కాశీ వెళ్లాలన్నా ముందు ముక్తేశ్వరం వెళ్లి గౌతమి దాటాలి. కాశీకి టిక్కెట్టు కొనుక్కున్నంత మాత్రాన గోదావరి దానంతటది దాటించదు గదా. పడవవాడు కావాలి. పడవవాడికి ఇవ్వడానికి డబ్బులుండాలి. డబ్బులు లేనివాళ్లు ఒడ్డునే కూచుని వచ్చేపోయే పడవలు చూస్తూ ఉండేవారు. నా కళ్లతో చూశాను.

ఈ పడవ సంగతి తేల్చింది ఒక ఐర్లండు ఇల్లాలు. మనవరాలు ఆ కథ చెబుతుంటే మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఆవిడ పేరు జొహానా ఎయిరీ. కార్క్ పట్టణం. దుకాణంలో చిన్న ఉద్యోగం. భర్త తాగుబోతు, చెయ్యిచేసుకునే మనిషి. ఆ రోజుల్లో ఐర్లండులో విడాకులు లేవు. విడిగా ఉండేందుకు కోర్టు ఉత్తర్వు మాత్రం తెచ్చుకోవచ్చు. అది హైకోర్టులోనే దొరుకుతుంది. దానికి వందల పౌన్లు ఖర్చు. అంత డబ్బు ఆవిడ దగ్గర లేదు, డబ్బు లేకుండా ఒక్క వకీలూ కదల్లేదు. చివరికి 1973లో స్ట్రాస్‌బర్గుకు ఫిర్యాదు పెట్టుకుంది. ఐర్లండు ప్రభుత్వం ఏమందంటే, “మేము ఆవిణ్ణి ఆపలేదు. మా హైకోర్టు తలుపులు తెరిచే ఉన్నాయి. వకీలు లేకుండా తనే వచ్చి వాదించుకోవచ్చు” అంది. 1979 అక్టోబరు 9న తీర్పు వచ్చింది. కాగితం మీద కనబడే హక్కు చాలదు, అది మనిషి చేతికి అందాలి. చట్టం చిక్కుల్లో ఒంటరి ఆడదాన్ని వకీలు లేకుండా నిలబెట్టి తలుపు తెరిచే ఉందనడం కుదరదు అని దాని సారాంశం. ఆవిడ తరఫున నిలబడ్డ న్యాయవాదుల్లో మేరీ రాబిన్సన్ ఉన్నారు. తర్వాత 1990లో ఐర్లండుకు అధ్యక్షురాలైంది ఆవిడే; 1997 నుంచి 2002 దాకా ఐక్యరాజ్యసమితిలో మానవ హక్కుల హైకమిషనరు కూడా ఆవిడే.

“చూశారా, తెల్లవాళ్లకి ఉన్న బుద్ధి...” అని మేష్టారు మొదలుపెట్టబోయారు.

“ఆగండి తాతగారూ. అదే 1979లో, అంతకు ఏడు నెలల ముందే, మన సుప్రీంకోర్టు ఈ మాట అంది” అని మనవరాలు అడ్డుపడింది. బీహారు జైళ్లలో విచారణ లేకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్నవాళ్ల సంగతి పత్రికలో పడితే, కపిలా హింగోరాణీ అనే న్యాయవాది దాన్ని సుప్రీంకోర్టు ముందు పెట్టారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. పేదవాడికి ఉచితంగా వకీలునివ్వడం దయాదాక్షిణ్యం కాదు, అది 21వ అధికరణం కింద ఉన్న జీవించే హక్కులో భాగం అని జస్టిస్ భగవతి తీర్పు చెప్పారు. 1986లో సుక్‌దాస్ కేసులో ఇంకో మెట్టు ఎక్కి, ‘ముద్దాయి వకీలు కావాలని అడగలేదు గనక ఇవ్వలేదు’ అనడం చెల్లదన్నారు. ఉందని తెలియని హక్కును ఎవరు మాత్రం అడుగుతారు? అంచేత మేజిస్ట్రేటే ఆ మాట చెప్పాలన్నారు.

ఆ తర్వాత చట్టమే వచ్చింది. న్యాయసేవా సంస్థల చట్టం 1987లో చేశారు. 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షను చదివి వినిపించమన్నాను. షెడ్యూల్డు కులాలవారు, తెగలవారు, పిల్లలు, వికలాంగులు, ఫ్యాక్టరీ కార్మికులు, వెట్టికీ మనుషుల అమ్మకానికీ బలైనవారు, వరద తుపాను బాధితులు, నిర్బంధంలో ఉన్నవారు – వీరందరికీ ఉచితంగా న్యాయసహాయం దొరుకుతుంది. అంతే కాదు, స్త్రీలందరికీ. ఆదాయం ఎంత అని అడగకూడదు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. వకీలు ఫీజే కాదు, కోర్టు ఫీజు, కాగితాలు తయారుచెయ్యడం, నకళ్లు, తర్జుమా – అన్నీ అందులోనే.

“స్త్రీలందరికీనా? అయితే నాకూ ఇస్తారా?” అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

“ఇస్తారు మామ్మా. తాతయ్య మీద కేసు వెయ్యాలన్నా ఇస్తారు.”

అందరూ నవ్వారు. పాలావిడ కూడా కొంగు చాటున నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకో చెబుతాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని సంగతి.

1998 వానాకాలం. ఒక లంక గ్రామం నుంచి భర్త పోయిన ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. మరుదులు పొలంలో ఆమె వాటా కలిపేసుకున్నారు. మునసబు కోర్టులో దావా ఓడిపోయింది. అప్పీలుకు ముప్పయి రోజుల గడువు. అందులో ఇంకా పదకొండు రోజులున్నాయి. మా ప్లీడరుగారు ఫీజు చెప్పారు. ఆవిడ కొంగుముడి విప్పితే రెండువందల రూపాయలున్నాయి. “డబ్బు సమకూర్చుకుని రా అమ్మా” అని నేనే మెట్లదాకా వచ్చి సాగనంపాను. నలభయ్యో రోజున, చెవుల దిద్దులు అమ్మి, డబ్బు పట్టుకుని వచ్చింది. గడువు దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడగవచ్చును గాని, ఆ అడగడానికి ఇంకో ఫీజన్నారు. ఆవిడ మాట్లాడకుండా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆనాటికి ఆ చట్టం అమల్లోకి వచ్చి మూడేళ్లయింది. నాకు తెలియదా? తెలుసు. ఊరికే వకీలునిస్తారని కోర్టులో అందరూ అనుకుంటూనే ఉండేవారు. ‘ఇక్కడ కాదమ్మా, ఆ గదిలోకి వెళ్లు, నీకు ఫీజు లేకుండా వకీలునిస్తారు’ అని ఒక్క మాట అంటే చాలును. అనలేదు. ధర్మానికి దొరికే వకీలు దగ్గరికి పంపితే మా ఆఫీసుకు వచ్చే ఫీజు పోతుందని అనలేదు. కేసు పోయింది చట్టం లేక కాదు, నా నోరు పెగలక. ఒడ్డున కూచున్న మనిషికి పడవ ఉందని చెప్పకుండా నేను చుట్ట కాల్చుకుంటూ నిలబడ్డాను.

అంచేత ఆ పూట పేపరు చదవలేదు. పాలావిణ్ణి, మనవరాల్ని, మేష్టారిని కూడా వెంటబెట్టుకుని ఆటోలో కోర్టుకు బయల్దేరాను. కోర్టు ఆవరణలో మండల న్యాయసేవా కమిటీ ఉంది. అమలాపురంలోనే కాదు, మండలాలకు ఇటువంటి కమిటీలు ఏర్పాటు చెయ్యవచ్చని చట్టంలోనే ఉంది. పాలావిడ గుమ్మం దగ్గర ఆగిపోయి, “ఊరికే చేస్తారంటే ముష్టెత్తుకున్నట్టుంటదండీ” అంది. ముప్పయ్యేళ్లు నేను కూడా అలానే అనుకున్నాను. “ముష్టి కాదమ్మా, నువ్వు కట్టే పన్నులోదే” అన్నాను. “నేను పన్ను కట్టడవేటండీ?” అంది. “అగ్గిపెట్టె కొనడం లేదూ? అందులో ఉంది” అని మేష్టారు అర్థశాస్త్రం చెప్పారు. లోపలికి వచ్చింది.

అక్కడి వకీలమ్మగారు వయసులో చిన్నదే. కథ అంతా విని, మొదట నాలుగు కాగితాలు అడిగింది. పాసుపోర్టు నకలు, వీసా నకలు, ఏజెంటుకు డబ్బిచ్చిన రుజువు, పిల్ల పంపిన మాటల రికార్డు. పాసుపోర్టు నకలు పాలావిడ పెట్టెలో ఉంది. వీసా నకలు అల్లుడి ఫోనులో దొరికింది. ఏజెంటు రసీదు ఇవ్వలేదు. కాని డబ్బు ఫోను ద్వారా పంపడంవల్ల బ్యాంకులో గుర్తుంది. అర్జీలు మూడు తయారయ్యాయి.

ఒకటి విదేశాంగశాఖ వారి ‘మదద్’ అనే ఏర్పాటుకు. 2015 నుంచి పరదేశంలో చిక్కుకున్నవారి ఫిర్యాదులు ఇందులో నమోదు చేసుకుని ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి పంపుతున్నారు. రెండోది నేరుగా కువైట్‌లోని మన రాయబార కార్యాలయానికి. మూడోది ఏజెంటు మీద పోలీసులకు. రిజిస్ట్రేషను లేకుండా మనుషుల్ని విదేశీ పనికి చేర్చడం 1983 నాటి వలస చట్టం కింద నేరం. అదీగాక ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లను గల్ఫు దేశాలకు పంపే పని 2016లోనే ప్రైవేటు ఏజెంట్ల చేతిలోంచి తీసి ప్రభుత్వ సంస్థలకు అప్పజెప్పారు. ఈ సంగతి మా వీధిలో ఒక్కరికీ తెలియదు.

ఆ దేశంలో కూడా చట్టం లేకపోలేదు. ఇంటిపనివారి కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. పని పన్నెండు గంటలు మించకూడదు, వారానికో రోజు సెలవు, ఏటా నెలరోజులు జీతంతో సెలవు. 2016లో కనీస జీతం నెలకు 60 దినార్లని నిర్ణయించారు. పాసుపోర్టు యజమాని దగ్గర అట్టేపెట్టుకోవడం కూడా తప్పే. మన చట్టం ప్రకారం పాసుపోర్టు ఆ అమ్మాయిది కూడా కాదట, భారత ప్రభుత్వపు సొత్తట! అంటే ఆ యజమానురాలు బీరువాలో పెట్టి తాళం వేసింది మన సర్కారు ఆస్తిని. ఈ మాట విన్నప్పుడు మేష్టారి మొహం వెలిగిపోయింది.

మేష్టారి ఇంగ్లీషు వృథా పోలేదు లెండి. జెనీవాలో కమిటీ కాకుండా, వలసవెళ్లినవారి హక్కులు చూడడానికి ఐక్యరాజ్యసమితి 1999 నుంచి ఒక ప్రత్యేక ప్రతినిధిని నియమిస్తోంది. ఆ ప్రతినిధికి ఎవరైనా రాయవచ్చు. దేశం ఏ రెండో కాగితం మీదా సంతకం పెట్టి ఉండనక్కర్లేదు. ఆయన తీర్పు చెప్పలేడు, కాని ఆ ప్రభుత్వాన్ని జవాబడగగలడు. మేష్టారు మూడు పేజీలు రాశారు. మనవరాలు దాన్ని ఒక పేజీ చేసింది. అందుకు ఆయన రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

తర్వాత ఏమైందంటారా? కథల్లో జరిగినట్టు జరగలేదు. పదిహేను రోజులు ఏ కబురూ లేదు. పదహారో రోజున రాయబార కార్యాలయం వారు ఆ ఇంటికి ఫోను చేశారు. నెల తిరిగేసరికి ఆ అమ్మాయి కార్యాలయం వారి ఆశ్రయంలోకి వచ్చింది. బయలుదేరే ముందు, రావలసిన జీతం కోసం తన తరఫున వ్యవహారం నడపమని అక్కడే అధికార పత్రం రాసి ఇచ్చింది. ఇది చాలామంది చెయ్యరట. ప్రాణాలతో బయటపడితే చాలని వచ్చేస్తారు, వచ్చాక జీతం అడిగే దిక్కుండదు. ఆ పత్రంవల్ల ఏడు నెలల్లో నాలుగు నెలల జీతం తర్వాత వచ్చింది. మూడు నెలలది రాలేదు. ఏజెంటు మీద కేసు నడుస్తోంది. వాయిదాలకు పాలావిడ, ఆ వకీలమ్మగారు వెళుతున్నారు. ఒక్క పైసా ఫీజు లేదు.

ఆ అమ్మాయి ఇంటికి వచ్చిన రోజున చిన్నవాడు తల్లిని పోల్చుకోలేదు. అమ్మమ్మ వెనక దాక్కున్నాడు. మూడు నెలల జీతానికి దావా వెయ్యవచ్చు. దీనికి ఏ కోర్టులో వేస్తాం?

ఈ వ్యవహారమంతా నడుస్తున్నప్పుడు నాకు మన కోనసీమవారే అయిన బొజ్జా తారకంగారు తరచు జ్ఞాపకం వచ్చేవారు. కాట్రేనికోన దగ్గర కందికుప్పలో 1939లో పుట్టారు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉండి, 1985 జూలైలో కారంచేడులో దళితులను చంపినప్పుడు ఆ పదవి వదులుకుని బాధితుల పక్కన నిలబడ్డారు. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 డిసెంబరు వచ్చింది. ఇరవై మూడేళ్లు! అన్నేళ్లు ఒక పేదకుటుంబం కోర్టు మెట్లు ఎక్కాలంటే పక్కన ఎవరో ఒకరు ఉండాలి గదా. ఆయన రాసిన వాటిలో ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే పుస్తకం ఒకటుంది. చట్టం ఏం చెబుతుందో మామూలు మనిషికి తెలియాలని రాసింది. 2016 సెప్టెంబరు 16న ఆయన పోయారు. ఆయన అవతలివాడికి పడవ ఎక్కడుందో జీవితమంతా చెబుతూ గడిపారు. నేను అదే కోనసీమలో, అదే వృత్తి నీడన బతికి, ఒక్క మనిషికి పదకొండు రోజుల్లో చెప్పలేకపోయాను.

ఆసియాకు కూడా ఒక మానవ హక్కుల కోర్టు రావాలి. మన దేశం ఆ రెండో కాగితం మీద సంతకం పెట్టాలి. నేపాల్‌వారు, శ్రీలంకవారు చెయ్యగా లేనిది మనం చెయ్యలేమా? ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. కాని ఆ కోర్టు రేపే వెలిసినా, దానిదాకా వెళ్లే పడవ మన ఊరి రేవులోనే ఎక్కాలి. ఆ రేవులో పడవ ఉంది. మనవాళ్లకు చెప్పేవాళ్లే లేరు.

మీ ఇంట్లో పనిచేసే మనిషో, పాలు పోసే మనిషో అరుగు మీద కూచుని కళ్లు తుడుచుకుంటే, డబ్బిచ్చి పంపేయకండి. పక్కన కూచోండి. గడువు ఏదైనా ఉందా అని మొదట అడగండి. ప్రభుత్వోద్యోగి చేసిన అన్యాయమైతే జాతీయ మానవ హక్కుల కమిషనుకు తెలుగులోనే రాయవచ్చు, ఫీజు లేదు. కాని ఏడాది దాటితే పుచ్చుకోరు. కాగితాల నకళ్లు ఇంట్లో పెట్టించండి. న్యాయసహాయం కోసం 15100 అనే నంబరుకు దేశంలో ఎక్కడినుంచైనా ఫోను చెయ్యవచ్చు.

ఆ నంబరు మా వీధరుగు గోడ మీద ఎర్రరంగుతో పెద్దగా రాయించాను. గోడ పాడైందని మా ఆవిడ నాలుగు రోజులు సణిగింది. మొన్న ఎవరో కొబ్బరికాయల బేరగాడు దారినపోతూ ఆగి, “ఏవండీ, వెయ్యికి రేటా?” అని అడిగాడు. కాదని చెప్పి, కూచోబెట్టి, ఆ నంబరు దేనికో అంతా వివరించాను. విన్నాడు. వెళ్లేవాడల్లా వెనక్కి తిరిగి వచ్చి, జేబులోంచి చిన్న కాగితం తీసి, “మా అప్పగారికి ఓ తగువుందండీ, రాసుకుంటాను” అన్నాడు.

చెల్లెలికి చెప్పవలసింది వాళ్ల అప్పగారికి చెప్పినట్టయింది. ఆ లంక ఆవిడ ఇప్పుడెక్కడుందో.